పచ్చళ్లకు నానో సిల్వర్ పౌచ్‌లు వాడొచ్చా?

ఇంట్లో ఆవకాయ, గోంగూర, టమాటా పచ్చళ్లు చేసి అమ్ముతున్నామని, పౌచ్‌లు అమ్మే ఆయన నానో సిల్వర్, నానో జింక్ (కంటికి కనిపించనంత చిన్న వెండి, జింక్ రేణువులు) కలిపిన కవర్లు చూపించి "99.9 శాతం క్రిములు చస్తాయి, సరుకు రెట్టింపు రోజులు నిలవ ఉంటుంది, పర్యావరణానికీ మంచిది" అంటున్నారని రాశారు. నా మాట వింటే పచ్చళ్లకు మాత్రం వాటిని కొనకండి.

నేను హైదరాబాద్‌లో ప్యాకింగ్ ఫిల్మ్ తయారుచేసే యూనిట్‌లో, క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేశాను. ఇలాంటి ఫిల్ములు ట్రయల్‌కి వచ్చినప్పుడు పరీక్షలు నా చేతుల మీదుగానే జరిగేవి.

ముందు ఆ 99.9 సంగతి. అది అబద్ధం కాకపోవచ్చు. ఐఎస్ఓ 22196 అని ఒక పరీక్ష ఉంది. ఫిల్మ్‌ను 5 సెంటీమీటర్ల చదరపు ముక్కగా కోసి, బ్యాక్టీరియా కలిపిన ద్రవం 0.4 మిల్లీలీటర్లు దాని మీద వేసి, పైన ఇంకో పల్చటి ప్లాస్టిక్ ముక్క కప్పుతాం. ద్రవం పల్చగా పరుచుకుని ఫిల్మ్‌ను పూర్తిగా తాకుతుంది. దాన్ని 35 డిగ్రీల వేడిలో, బాగా తేమ ఉన్నచోట 24 గంటలు ఉంచి, ఎన్ని బతికాయో లెక్కపెడతాం. ఆ ద్రవంలో బ్యాక్టీరియాకు తిండి దాదాపు ఉండదు, ఫిల్మ్‌కు దూరంగా జరిగే చోటూ ఉండదు. మీ అరకిలో పౌచ్‌లో అలా కాదు కదా. కవర్‌కి ఆనుకున్న పచ్చడి కొంచెమే, మధ్యలో ఉన్న ముక్కలకు ఆ వెండి ఉన్నా లేనట్టే.

పైగా వెండి రేణువుల నుంచి కొద్దికొద్దిగా విడుదలయ్యే అయాన్లే (విద్యుదావేశం ఉన్న వెండి కణాలే) ప్రధానంగా సూక్ష్మజీవుల పొరను, ప్రొటీన్లను దెబ్బతీస్తాయి. ఉప్పులో ఉండే క్లోరైడ్ ఆ అయాన్లను పట్టుకుని సిల్వర్ క్లోరైడ్‌గా మార్చేస్తుంది, దాంతో వాటి బలం చాలావరకు పోతుంది. ఆవకాయలో ఉప్పు ఎంత పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నానో జింక్ అని అమ్మేది మామూలుగా జింక్ ఆక్సైడ్, దాంతో తంటా వేరు. అది పులుపులో కరుగుతుంది. మైగ్రేషన్ టెస్ట్ (ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి ఏం దిగుతుందో చూసే పరీక్ష) చేసినప్పుడు ఒకే ఫిల్మ్ ముక్కల్లో ఒకదాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో, ఇంకోదాన్ని 3 శాతం అసిటిక్ యాసిడ్‌లో (వెనిగర్‌లో ఉండే ఆమ్లం) వేసి 40 డిగ్రీల దగ్గర 10 రోజులు ఉంచేవాళ్లం. నీళ్లలోకి జింక్ నామమాత్రంగా వచ్చేది. యాసిడ్‌లోకి దానికి ఎన్నో రెట్లు దిగేది. మామిడి, గోంగూర, చింతపండు అన్నీ పులుపే. జింక్ విషమేమీ కాదు, ఒంటికి కావలసిందే. అయినా దానికి ఒక హద్దుంది. ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగే జింక్ పరిమితిని యూరోపియన్ యూనియన్ 2016లో కిలోకు 25 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించింది. ఐఎస్ 9845 అనే మైగ్రేషన్ పరీక్ష రిపోర్ట్ ప్లాస్టిక్ నుంచి దిగేవాటి మొత్తాన్నే చెప్తుంది, అందుకే మీ సప్లయర్‌ని జింక్‌కి విడిగా చేసిన మైగ్రేషన్ రిపోర్ట్ అడగండి. అందులో నీళ్ల అంకె కాదు, 3 శాతం అసిటిక్ యాసిడ్ అంకె చూడండి. నేనైతే ఆ కాగితం చూడకుండా ఒక్క పౌచ్ కూడా తీసుకోను.

అసలు పచ్చడి పాడయ్యేది ఎందువల్ల? ఉప్పు, పులుపు కలిసి బ్యాక్టీరియాను ముందే ఆపేస్తాయి. తడి తగిలితే పైన బూజు పడుతుంది. గాలి, వెలుతురు తగిలితే నూనె ముక్కవాసన వస్తుంది, కారం రంగు తగ్గుతుంది. నూనె ముక్కిపోవడాన్ని ఏ నానో సిల్వరూ ఆపదు, దానికి ఆక్సిజన్‌ను ఆపే పొర కావాలి. నైలాన్ పొర గానీ అల్యూమినియం ఫాయిల్ గానీ ఉన్న లామినేట్ (పొరలు అతికించిన ఫిల్మ్) తీసుకోండి. మామూలు పాలిథీన్‌లోంచి ఆక్సిజన్ సులువుగా లోపలికి వస్తుంది. ఇంకో మాట, మా దగ్గరికి కంప్లయింట్‌తో తిరిగొచ్చిన పచ్చడి పౌచ్‌లలో ఎక్కువ సీల్ దగ్గరే కారేవి. నింపేటప్పుడు మూతి లోపల నూనె అంటితే సీల్ సరిగా అతుక్కోదు. పొడుగు గొట్టం ఉన్న గరాటు వాడండి, సీల్ వేసే ముందు లోపలి అంచు పొడిగుడ్డతో తుడవండి.

అమెరికాకు పార్శిళ్లు పంపుతామన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. అక్కడ ఒక వస్తువు క్రిములను చంపుతుందని ప్రచారం చేసి అమ్మితే దాన్ని పురుగుమందుల చట్టం కింద చూస్తారు. 2014లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ, న్యూజెర్సీలోని ఒక కంపెనీ రిజిస్ట్రేషన్ లేకుండా అమ్ముతున్న నానో సిల్వర్ ఆహార డబ్బాల అమ్మకాన్ని ఆపించింది. మీ లేబుల్ మీద అలాంటి మాట వేయకండి.

నానో వెండి పనికిరానిదని నేను అనడం లేదు. నీళ్ల ఫిల్టర్లలో అది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ నీళ్లు దాన్ని తాకుతూ వెళ్తాయి, ఉప్పు తక్కువ. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ నీళ్ల ఫిల్టర్లకు నానో సిల్వర్ పూసిన సిరామిక్ క్యాండిల్ తయారుచేసింది. 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్ ఫిల్టర్‌లో వరి ఊక బూడిదకు నానో వెండి పట్టించారు.

ఇక పర్యావరణానికి మంచిది అన్న మాట నాకు మింగుడుపడదు. రకరకాల పొరలు అతికించిన ఫిల్మ్‌ను రీసైక్లింగ్ వాళ్లు ఎలాగూ తీసుకోరు, వెండి కలిపినంత మాత్రాన అది మారదు. మురుగులోకి చేరిన వెండి చాలావరకు సిల్వర్ సల్ఫైడ్‌గా మారి బురదలో ఉండిపోతుంది గానీ, మురుగును శుద్ధిచేసే మంచి బ్యాక్టీరియాను కూడా వెండి దెబ్బతీయగలదు. ఆ పౌచ్‌లు అమ్మే ఆయన దగ్గర దీనికి ఆధారంగా ఏదైనా టెస్ట్ రిపోర్ట్ ఉంటే ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.