యాంటీబాడీ డేటాషీట్‌లో బొమ్మ బాగుంటే చాలా?

అడిగిన ప్రశ్న ఇది: "ఎలుక పిండం మెదడులో పాక్స్6 ప్రోటీన్ చూడాలి. ఒక కంపెనీ యాంటీబాడీకి డేటాషీట్‌లో బొమ్మ చాలా బాగుంది, సైటేషన్లు (దాన్ని వాడామని రాసిన పేపర్లు) కూడా బోలెడున్నాయి. ఇంకేం ఆలోచించకుండా ఆర్డర్ పెట్టేయొచ్చా?"

వద్దు. అది అమ్మేవాళ్ళు ఎంచి పెట్టుకున్న బొమ్మ. యాంటీబాడీ పని తన ప్రోటీన్‌కే అంటుకుని, అది ఉన్నచోట వెలుగు (సిగ్నల్) చూపించడం. సిగ్నల్ రావడం పెద్ద విషయమే కాదు, ఎంత పనికిమాలిన యాంటీబాడీ అయినా ఎక్కడో ఒకచోట వెలుగుతుంది. రాకూడని చోట రాకుండా ఉందా? అసలు పరీక్ష అదొక్కటే.

నేను హైదరాబాద్‌లో డ్రోసోఫిలా (పండ్ల ఈగ) ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేశాను. మా పని అల్ట్రాబైథోరాక్స్ అనే ప్రోటీన్ మీద. ల్యాబ్‌లో అందరం యూబీఎక్స్ అంటాం. ఈగకి రెండో జత రెక్కలు రావాల్సిన చోట చిన్న హాల్టర్లు (ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ కోసం ఉండే గుబ్బలు) పుట్టేలా చూసేది ఆ ప్రోటీనే. అక్కడ అది పనిచేయకపోతే నాలుగు రెక్కల ఈగ పుడుతుంది. 1995లో నోబెల్ అందుకున్న జన్యు శాస్త్రవేత్త ఎడ్ లూయిస్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఆ ఈగే. యూబీఎక్స్ కోసం మేం వాడేది ఎఫ్‌పీ3.38 అనే మోనోక్లోనల్, అంటే ఒకే కణం వంశం (క్లోన్) నుంచి తయారయ్యే యాంటీబాడీ. వైట్, విల్‌కాక్స్ అనే ఇద్దరు 1984లో రాసిన పేపర్ నుంచి వచ్చిన క్లోన్ అది. ఇన్నేళ్ళయినా ఇంకా అదే వాడుతున్నాం. మంచి క్లోన్‌కి ఉండే విలువ అది.

ఒకసారి మా జూనియర్ ఒకబ్బాయి మొదటిసారి సొంతంగా స్టెయినింగ్ చేశాడు. లార్వాని సగానికి కోసి, దిండు గలీబులా లోపలిది బయటికి తిప్పి, ఫిక్స్ చేసి, రాత్రంతా నాలుగు డిగ్రీల్లో యాంటీబాడీలో ఉంచి, మర్నాడు సెకండరీ (మొదటి యాంటీబాడీకి అంటుకుని వెలుగిచ్చే రెండో యాంటీబాడీ) వేసి, కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, వింగ్ డిస్క్‌లో కూడా వచ్చేస్తోంది! యాంటీబాడీ పాడైపోయింది." బాగా టెన్షన్ పడిపోతున్నాడు. డిస్క్ అంటే లార్వాలో ఉండే చిన్న కణాల సంచి; వింగ్ డిస్క్ నుంచి రెక్క, హాల్టర్ డిస్క్ నుంచి హాల్టర్ వస్తాయి. యూబీఎక్స్ హాల్టర్ డిస్క్‌లో నిండుగా ఉండి, వింగ్ డిస్క్‌లో ఉండకూడదని చదివి వచ్చాడు కదా మరి.

వెళ్ళి చూశాను. నిజమే, వింగ్ డిస్క్ మీద న్యూక్లియస్‌లు మెరుస్తున్నాయి. కానీ పెద్దవి, పలచగా పరుచుకున్నవి, దూరదూరంగా ఉన్నవి. "ఫోకస్ ఇంకాస్త కిందకి దించు" అన్నాను. దించాడు. పై పొర దాటగానే, కిక్కిరిసిన చిన్న న్యూక్లియస్‌లు ఉండే అసలు రెక్క పొర మొత్తం నల్లగా ఉంది. పైన మెరిసింది పెరిపోడియల్ పొర, అంటే డిస్క్‌ని కప్పి ఉంచే పలచటి పొర. వింగ్ డిస్క్‌లో ఆ పొరలో యూబీఎక్స్ ఉంటుంది, ఉండాలి కూడా. ఆ పక్కనే, అదే లార్వా నుంచి వచ్చిన హాల్టర్ డిస్క్ ధగధగలాడుతోంది. ఒకే స్లైడ్, ఒకే ట్యూబ్‌లోని యాంటీబాడీ, ఒకే లేజర్ పవర్. ఉండాల్సిన చోట ఉంది, ఉండకూడని చోట లేదు, ఎవరూ పట్టించుకోని పొరలో కూడా సరిగ్గా ఉంది. ఇంతకన్నా నమ్మకం ఏ డేటాషీట్ ఇస్తుంది?

ఆ తర్వాత వాడే యూబీఎక్స్ లేని కణాల గుంపులు హాల్టర్ డిస్క్‌లో చేశాడు. మెరుస్తున్న డిస్క్ మధ్యలో నల్లటి మచ్చలు, అంచులు గీసినట్టు. నాకు ఇప్పటికీ అంతకన్నా అందమైన కంట్రోల్ (సరిచూసే పరీక్ష) తెలీదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అదే ల్యాబ్‌లో మరో ప్రోటీన్ కోసం ఒక పెద్ద కంపెనీ నుంచి కుందేలు పాలీక్లోనల్ (కుందేలు రక్తం నుంచి తీసే రకరకాల యాంటీబాడీల మిశ్రమం) తెప్పించుకున్నాం. వచ్చేటప్పుడే కస్టమ్స్‌లో ఇరుక్కుని డ్రై ఐస్ మొత్తం ఆవిరైపోయింది. మన దేశంలో రీసెర్చ్ చేసేవాళ్ళ సగం ప్రాణం అక్కడే పోతుంది. సరే, ఎలాగోలా వచ్చింది. ఆ ప్రోటీన్ జీన్ పూర్తిగా తీసేసిన మ్యూటెంట్ ఈగలో కూడా అంతే నిండుగా వెలిగింది! కంపెనీకి రాస్తే అదే లాట్‌లో (అదే తయారీ విడతలో) ఇంకో వయల్ పంపారు. దాంతో ఏం చేసుకోవాలి?

ఇది మా ఒక్కరి గోడు కాదు. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో 65 ప్రోటీన్ల కోసం అమ్ముతున్న 614 యాంటీబాడీలను, ఆ జీన్ తీసేసిన కణాలతో పక్కపక్కన పెట్టి పరీక్షించారు. సగానికి పైగా ఏదో ఒక వాడకంలో ఫెయిలయ్యాయి. వాటిలో ఎన్నిటికి సైటేషన్లు దండిగా ఉండి ఉంటాయో ఊహించుకోండి. పైగా చాలా పేపర్లలో కంపెనీ పేరు రాసి వదిలేస్తారు. క్లోన్ నంబర్ ఉండదు, లాట్ నంబర్ ఉండదు. చదివి మళ్ళీ చేద్దామనుకున్నవాడి గతేంటి? ఇలాంటి పేపర్లని రివ్యూలోనే వెనక్కి పంపాలి.

ఇక మీ పాక్స్6 సంగతి. ముందు అమెరికాలో ఐయోవా యూనివర్సిటీలో ఉన్న హైబ్రిడోమా బ్యాంక్ (మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేసే కణాలను దాచి ఉంచే చోటు) చూడండి. 1986లో ప్రభుత్వ డబ్బుతో మొదలైంది, లాభం కోసం నడిపేది కాదు, ధర కంపెనీలతో పోలిస్తే చాలా తక్కువ. మా ఎఫ్‌పీ3.38 కూడా అక్కడిదే. పాక్స్6కి వాళ్ళ మోనోక్లోనల్ ఉంది. కోడి ప్రోటీన్ మీద తయారుచేసినదే కానీ ఎలుకలో కూడా పనిచేస్తుంది. కాకపోతే అది ఎలుకలో తయారైన యాంటీబాడీ, మీది ఎలుక టిష్యూ. సెకండరీ వెళ్ళి రక్తనాళాల్లో ఉన్న ఎలుక సొంత యాంటీబాడీలకి అంటుకుంటే కంగారు పడకండి. ప్రైమరీ (మొదటి యాంటీబాడీ) లేకుండా ఒక స్లైడ్ పక్కన పెట్టుకుంటే ఏది ఏమిటో తేలిపోతుంది.

మీ వింగ్, హాల్టర్ రెండూ, అంటే ఉండకూడని చోటూ ఉండాల్సిన చోటూ, మీ సెక్షన్‌లోనే (మెదడు పలచటి కోతలోనే) ఉన్నాయి. ముందుమెదడు పైభాగంలో, వెంట్రికిల్ (లోపలి ద్రవపు గది) అంచున ఉండే కణాల్లో పాక్స్6 గట్టిగా వస్తుంది. అదే అంచు వెంట కిందికి, గాంగ్లియానిక్ ఎమినెన్స్ (ముందుమెదడు కింది భాగంలోని ఉబ్బు) వైపు వస్తే బాగా పడిపోవాలి. ఆ సరిహద్దు కనిపించకుండా అంతా ఒకేలా వెలిగితే, సైటేషన్లు ఎన్ని ఉన్నా ఆ వయల్ పక్కన పడేయండి. ఎవరి దగ్గరైనా స్మాల్ ఐ ఎలుకలు (పాక్స్6 జీన్ చెడినవి) ఉంటే, రెండు కాపీలూ చెడిన పిండం సెక్షన్ ఒక్కటి ఇమ్మని అడగండి. దాని మీద చేశాకే ఫిగర్ వేయండి.