బండి డబ్బాల్లో వచ్చింది, ముందు ఏం చెయ్యాలి?

ప్రశ్న: పాత బండ్ల పని చేస్తుంటానండి. ఒకాయన వాళ్ళ నాన్నగారు నడిపిన 1955 మోడల్ బీఎస్ఏ బీ31 మోటార్‌సైకిల్ తెచ్చిచ్చారు, బండి అంటే ఫ్రేము ఒకటి, మిగతాదంతా అట్టపెట్టెల్లోనే. ఎవరు విప్పారో, ఏ నట్టు ఎక్కడిదో ఆయనకీ తెలీదు. ముందు ఫ్రేము, ట్యాంకు పెయింట్ చేసి చూపించమని తొందరపెడుతున్నారు. చేసెయ్యనా?

జవాబు: వద్దండీ, పెయింట్ ఆఖర్న. ఆయనకి రంగు చూస్తే పని జరుగుతున్నట్టు ఉంటుంది, అది మనకీ తెలుసు, కానీ ఆ డబ్బాల్లో ఉన్నది ఒకే బండా, రెండు మూడు బండ్ల సామానా అనేది ఇంకా తేలలేదు కదా. ముందు ఇంజన్ నంబరు, ఫ్రేము నంబరు కాగితాలతో సరిపోతున్నాయో లేదో చూసి ఫొటోలు తీసి ఆయనకి పంపండి, తేడా ఉంటే ఇప్పుడే తేలాలి, రంగు ఎండాక కాదు.

తర్వాత పార్ట్స్ బుక్కులో బొమ్మలు ముందు పెట్టుకుని నేలమీద దుప్పటి పరిచి, ఇంజన్ ఒకవైపు, గేర్‌బాక్స్ ఒకవైపు, బ్రేకులు ఇంకోవైపు సామానంతా పేర్చండి. ఏం లేవో అప్పుడు తెలుస్తుంది. పేర్చాక రంగు లేకుండా, నట్లు వదులుగా పెట్టి బండి మొత్తం ఒకసారి నిలబెట్టండి. మడ్‌గార్డ్ స్టే (దాన్ని పట్టి ఉంచే కమ్మీ) అందట్లేదు, ట్యాంకు ఒక పక్కకి వస్తోంది, ఇంజన్ ప్లేటు హోల్ కలవట్లేదు, ఇలాంటివన్నీ ఇక్కడే బయటపడతాయి, ఫైలు పట్టాలన్నా వెల్డింగ్ చెయ్యాలన్నా రంగు పోతుందన్న భయం లేకుండా చేసుకోవచ్చు.

నట్ల దగ్గర జాగ్రత్త. ఇందులో మిల్లీమీటర్ సైజులు నడవవు, విట్‌వర్త్ పానాలే (పాత ఇంగ్లీషు అంగుళాల సైజువి) కావాలి, పైగా సైకిల్ థ్రెడ్ (సన్న మర) ఎక్కువ, అంగుళానికి 26 చుట్లు. పైకి అచ్చం అలాగే ఉన్న వేరే బోల్టు రెండు చుట్లు సాఫీగా ఎక్కి తర్వాత బిగుసుకుంటే ఆపెయ్యండి, బలవంతంగా తిప్పితే అల్యూమినియంలో థ్రెడ్ పోతుంది.

క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె) రెండు ముక్కలూ ఒక జత, ఫ్యాక్టరీలో కలిపే మెషినింగ్ చేస్తారు. కలిపి పట్టుకుని సిలిండర్ కూర్చునే చోట జాయింట్ మీద గోరు పెట్టి లాగండి, మెట్టు తగిలిందంటే అవి వేర్వేరు బండ్లవి కావచ్చు, మెషిన్ షాపులో చూపించకుండా ముందుకెళ్ళొద్దు. పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్‌ని నిలువుగా పైకీ కిందకీ లాగి చూడండి, పక్కకి కాస్త ఊగడం మామూలే, నిలువుగా టక్కుమని ఆట తెలిస్తే మాత్రం బిగ్ ఎండ్ (రాడ్ కింది చివర బేరింగ్) పోయినట్టే. రింగ్ గ్యాప్‌కి (పిస్టన్ రింగు కొసల మధ్య సందుకి) పాత లెక్క బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, అంగుళానికి 4 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), మీ బండి బోరు 71 మిల్లీమీటర్లు కాబట్టి 11 థౌ దగ్గర రావాలి.

ఇవన్నీ అయ్యాకే ఎస్టిమేట్ ఇవ్వండి, అదీ దశలవారీగా, రాతపూర్వకంగా. మార్చిన ప్రతి పాత పార్టూ సంచిలో వేసి ఆయనకే ఇచ్చెయ్యండి, అది తుప్పు పట్టిన బోల్టయినా సరే. వాళ్ళ నాన్నగారి బండి మరి.

ఇంజన్ ఎక్కించాక మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గు తీసి ఇంజన్‌ని రెండు రౌండ్లు చేత్తో తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకోండి. స్టార్టవగానే ఆయిల్ ట్యాంకు మూత తీసి చూడండి, రిటర్న్ పైపులోంచి ఆయిల్ కొట్టుకుంటూ రావాలి, కొద్దిసేపట్లో రాలేదంటే వెంటనే ఆపండి, సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ చేరే చోట) ఆయిల్ పీల్చే పికప్ దగ్గరి బాల్ వాల్వ్ ఇరుక్కుని ఉండొచ్చు.

ప్రశ్న: ఇలాంటిదే ఇంకో బండి, ట్యాంకు ఒరిజినల్ రంగు, గీతలున్నా బంగారు లైన్లు బానే ఉన్నాయి. లోపల మాత్రం తుప్పు. ఏం చెయ్యమంటారు?

జవాబు: బయట ముట్టుకోకండి. ఆ లైన్లు చేత్తో గీసినవి అయ్యుంటాయి, ఒకసారి గోకితే మళ్ళీ రావు. ఓనరు కొత్తగా మెరవాలంటే వేరే ట్యాంకు చూసుకోమనండి, ఇది దాచుకోమనండి. లోపల తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ వాడేవాళ్ళున్నారు, అది రంగు మీద పడితే మచ్చే, అందుకని నేనైతే వాషింగ్ సోడా నీళ్ళు, బ్యాటరీ చార్జర్‌తో ఎలక్ట్రాలిసిస్ చేస్తాను, ట్యాంకుకి నెగటివ్, మధ్యలో ట్యాంకుకి తగలకుండా వేలాడదీసిన ఇనప రాడ్డుకి పాజిటివ్. స్టెయిన్‌లెస్ రాడ్డు మాత్రం వద్దు, అందులోంచి క్రోమియం విషం దిగుతుంది. హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది కాబట్టి మూతలన్నీ తీసి ఆరుబయట పెట్టండి, చార్జర్ ఆపాకే క్లిప్పులు పీకండి.