పాత మోటార్‌సైకిల్ ఫ్రేముకే లగేజీ క్యారియర్ బ్రాకెట్లను వెల్డింగ్ చేయించవచ్చా?

చేయించకూడదు, బ్రాకెట్లను విడిగా తయారు చేయించి, షాక్ అబ్జార్బర్ పైబోల్టు, మడ్‌గార్డు బోల్టుల వంటి చోట్ల బిగించాలి. ఫ్రేము గొట్టం గోడ పలుచన. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న లోహం గుణం మారుతుంది. బండి అదిరినప్పుడల్లా ఒత్తిడంతా ఆ అంచునే చేరి, కంటికి కనిపించని పగులు మొదలవుతుంది. పైగా ఆ వేడికి పూత కాలిపోతుంది. విశాఖ ఉప్పుగాలిలో అలాంటి చోటుకు తుప్పు పట్టడానికి ఎంతో కాలం పట్టదు.

ఉదాహరణకు, 10 కిలోల సంచితో అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నారనుకోండి. గుంతలో పడ్డ ప్రతిసారీ బ్రాకెట్‌పై పడే బలం 10 కిలోల బరువుకు ఎన్నో రెట్లు కావచ్చు. బోల్టుతో బిగించిన బ్రాకెట్ పగిలితే మరొకటి చేయించుకోవచ్చు. ఫ్రేమే పగిలితే ప్రాణాలకే ముప్పు.

విడిగా బ్రాకెట్ చేయించేటప్పుడు కూడా, వెల్డింగ్ ఎంత లావుగా పోస్తే అంత గట్టిదనం అని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. లావు అతుకు అంటే ఎక్కువ వేడి, పగులు దాని పక్కనే వస్తుంది. బ్రాకెట్ మూలలో చిన్న త్రికోణపు రేకు ముక్క అతికిస్తే అంతకన్నా బలం. ఆపై రెడాక్సైడ్ (తుప్పును అడ్డుకునే తొలి పూత), రంగు వేయడం మరవవద్దు.