పాము నీడ కోసం పర్సనల్ లోనా?

ప్రశ్న: మాది విజయవాడ. నేనూ నా భార్యా ఉద్యోగులం. ఇద్దరికీ కలిపి నెలకు రూ.1,05,000 చేతికి వస్తుంది. ఇంటి రుణం వాయిదా రూ.28,000, ఇంటి ఖర్చులు రూ.45,000. వచ్చే మార్చిలో మెక్సికో వెళ్లి మెక్సికో సిటీలోని ఆజ్టెక్‌ల ప్రధాన ఆలయం టెంప్లో మాయోర్, ఆజ్టెక్‌ల తియోతివాకాన్, విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే) రోజున మాయన్ల చిచెన్ ఇట్జా చూడాలని ఎన్నాళ్ల కోరికో. రూ.6 లక్షలు అవుతుంది. 14 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోను ఇస్తామంటున్నారు. సేవింగ్స్ ఖాతాలో రూ.40,000 ఉంది. లోను తీసుకోవాలా, బంగారం తాకట్టు పెట్టాలా?

జవాబు: రెండూ వద్దు.

ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తాయి. ఒకరు స్విట్జర్లాండ్ అంటారు, ఇంకొకరు బాలి అంటారు. మారనిది సేవింగ్స్ ఖాతాలోని ఆ నలభై వేలు! వాయిదాతో కలిపి మీ నెల ఖర్చు రూ.73,000. అంటే మీ దగ్గరున్నది పదహారు రోజుల ఖర్చు. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయినా, ఇంట్లో పెద్దవాళ్లు ఆసుపత్రిలో చేరినా పదిహేడో రోజున ఏం చేస్తారు? ఇంకో అప్పు. దాని మీద క్రెడిట్ కార్డు. నేను చూసిన అప్పుల ఊబుల్లో చాలావాటికి మొదటి అడుగు ఇదే.

ఇప్పుడు ఈ లోను సంగతి. వాయిదా సుమారు రూ.20,500. మొత్తం కట్టేది రూ.7.38 లక్షలు. నెలకు మిగిలే రూ.32,000 కాస్తా రూ.11,500కు పడిపోతుంది. ఆ మిగులుతో అత్యవసర నిధి ఎప్పటికి పోగవుతుంది?

మీ తొందరకు కారణం మార్చి విషువత్తు అని అర్థమైంది. సాయంత్రం ఎండలో చిచెన్ ఇట్జాలోని ఎల్ కాస్టియో పిరమిడ్ ఉత్తరపు మెట్ల పక్క గోడ మీద త్రికోణపు వెలుగులు ఒకదాని కింద ఒకటి పేరుకుని, కింద ఉన్న రాతి పాము తలతో కలుస్తాయి. చూడదగ్గదే, కాదనను. కానీ ఆ పాము సెప్టెంబరులోనూ దిగుతుంది, ప్రతి ఏడాదీ దిగుతుంది. ఆ రోజుకు ముందూ వెనకా కొన్ని రోజులు కూడా దాదాపు అలాగే కనిపిస్తుంది, జనం తక్కువగా ఉంటారు. టెంప్లో మాయోర్ అయితే నగరం నడిబొడ్డున నేల కింద శతాబ్దాలు ఉండి, 1978లో విద్యుత్ కార్మికుల తవ్వకంలో ఆజ్టెక్ దేవత కొయోల్‌షావ్‌కీని చెక్కిన శిల బయటపడ్డాకే పూర్తిస్థాయి తవ్వకాలకు నోచుకుంది. మూడేళ్లలో ఎక్కడికీ పోదు. అన్నట్టు, తియోతివాకాన్ ఆజ్టెక్‌లు కట్టింది కాదు. వాళ్లు వచ్చేసరికే అది పాడుబడ్డ నగరం.

లెక్క చూడండి. అత్యవసర నిధి అంటే ఆరు నెలల ఖర్చు, సుమారు రూ.4.4 లక్షలు. నెలనెలా మిగిలే రూ.32,000 పక్కన పెడితే, ఉన్న నలభై వేలతో కలిపి పదమూడో నెలకు ఈ నిధి సిద్ధం. ఆ తర్వాత యాత్ర కోసం రూ.6 లక్షలు, ఇంకో పంతొమ్మిది నెలలు. బీమా ప్రీమియంలకు కొంత తీసేసినా, మీరు అడిగిన లోను తీరే నాటికి అప్పు లేకుండా వెళ్లి వచ్చేస్తారు. ఛార్జీలు పెరగవచ్చు, ఒప్పుకుంటాను. అప్పుడు ఒక ఊరు తగ్గించుకోండి. నిధిని మాత్రం ముట్టుకోవద్దు. దాన్ని జీతం పడే ఖాతాలో కాకుండా లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్), స్వీప్ డిపాజిట్‌లోనో (సేవింగ్స్ ఖాతాకు జోడించిన ఫిక్స్‌డ్ డిపాజిట్) ఉంచండి.

బంగారం లోను వడ్డీ కాస్త తక్కువే కావచ్చు, కానీ నిజంగా ఆపద వచ్చినప్పుడు పనికొచ్చే ఆఖరి ఆసరా అది. క్రెడిట్ కార్డు వాయిదాల ఊసే ఎత్తవద్దు.

మీ ఉత్తరంలో బీమా మాట లేదు. ఇంటి రుణం ఉన్నవాళ్లకు టర్మ్ పాలసీ (చనిపోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) ఉండి తీరాలని నా సలహా. ఆఫీసు గ్రూపు ఆరోగ్య పాలసీ సాధారణంగా విదేశాల్లో వర్తించదు. మెక్సికో సిటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. బీపీ, ఆయాసం లాంటివి ఉంటే ప్రయాణ బీమా తీసుకునేటప్పుడే చెప్పండి, దాచారా, క్లెయిమ్ తిరస్కరిస్తారు.

ఇంకొకటి, వీసాకు గత నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. లోను సొమ్ము ఒక్కసారిగా ఖాతాలో పడితే అదేమీ మీ ఆర్థిక స్థోమతకు రుజువు కాదు. ట్రావెల్స్‌కు అడ్వాన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే, రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందో ఈ వారమే రాతపూర్వకంగా అడగండి.