హాల్లో టీపాయ్: గాజా, గ్రానైటా?

ప్రశ్న: మాది ఒంగోలు. హాలు చిన్నది, సోఫా ఆరడుగులు. టీపాయ్‌కి మా వారు గాజు అంటున్నారు, మామయ్యగారేమో చీమకుర్తి గ్రానైట్ అంటున్నారు. బాబుకి రెండేళ్లు. ఏది మేలు?

జవాబు: ఊరి పక్కనే చీమకుర్తి గ్రానైట్, అదే గెలాక్సీ రాయి, పెట్టుకుని గాజెందుకమ్మా! నల్లటి పలకలో ఆ బంగారు చుక్కలు లైటు కింద చూడండి, వదలబుద్ధి కాదు. కాకపోతే బరువు. మీ సోఫాకి నాలుగడుగుల పొడవు చాలు. రెండడుగుల వెడల్పుతో 18 మిల్లీమీటర్ల పలకైతే దాదాపు 40 కిలోలు తూగుతుంది. కాబట్టి కింద ఇనుప ఫ్రేమే పెట్టించండి. మూలలు మాత్రం గుండ్రంగా కోయించి, అంచు పాలిష్ పట్టించాలి. పరిగెత్తుతూ పడితే బాబు నుదురు తగిలేది అక్కడే. ఎత్తు సోఫా సీటుకి ఓ అంగుళం తక్కువుండాలి, మధ్యలో అడుగున్నర జాగా వదలండి. గాజంటారా, వేలిముద్రలు రోజూ మీ వారే తుడుస్తానంటే ఆలోచించండి!