మ్యాగజైన్ కోసం మొదటి పోర్ట్రెయిట్: ఏ లెన్స్ కొనాలి, ఎన్ని లైట్లు పట్టుకెళ్ళాలి?

పెళ్ళి ఫొటోలు తీసే మీకు మొదటిసారి ఒక మ్యాగజైన్ వాళ్ళు ఒక మనిషి పోర్ట్రెయిట్ తీసిమ్మన్నారు, దానికి కొత్తగా ఏం కొనాలని మీరు నన్ను అడిగారు. ఏమీ కొనకండి. ఆ డబ్బుతో ఒకరోజు ముందే ఆ మనిషి ఇంటికి వెళ్ళి రండి.

నాది బరంపురం, ఒడిశాలో గంజాం జిల్లా. స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫొటోలు, బయట పెళ్ళిళ్ళు, మధ్యమధ్యలో పత్రికల పని. బయటి పత్రికలు నన్ను పిలవడానికి కారణం నా పనితనం ఒక్కటే కాదు. ఇక్కడ పట్టుచీరలు నేసే దేవాంగుల ఇళ్ళలోనూ, సముద్రం ఒడ్డున గోపాల్‌పూర్‌లో చేపల వేటకెళ్ళే వాడబలిజల ఇళ్ళలోనూ మాట్లాడేది తెలుగు. కూర్చోబెట్టి నాలుగు మాటలు మాట్లాడేవాడు వాళ్ళకు కావాలి.

నా మొదటి అసైన్‌మెంట్ ఒక ముసలి నేతగాడిది. ఎడిటర్ మెయిల్‌లో "మగ్గం మీద, పనిలో ఉన్నట్టు, సహజంగా" అని రాశారు. నేను వెళ్ళేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మొహానికి పౌడర్ రాసుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చొక్కా తీసి మగ్గంలో దిగమంటే మొహం మాడిపోయింది. "ఏటి బాబూ, పుస్తకంలో ఫొటో పడితే బనీనుతో పడాలా నాను?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ముందు కుర్చీలో, ఆయనకు నచ్చినట్టు ఓ ఇరవై ఫ్రేములు తీశాను. అవి కెమెరా వెనక చూసుకున్నాక ఆయనే లేచి చొక్కా విప్పి, గుంట మగ్గంలో కాళ్ళు దించారు. పత్రికలో పడింది మాత్రం చొక్కా ఫొటోనే. నేను రెండూ పంపాను, వాళ్ళకు అదే నచ్చింది. ఎడిటర్ అడిగినది, ఆ మనిషి కోరుకున్నది, మీకు తోచినది, మూడూ తీయండి. ఏది పడుతుందో ముందు చెప్పలేం.

ఆ ఇంట్లో వెలుగంతా ఒక్క తలుపులోంచే వస్తుంది. సగం మొహం తెల్లగా, సగం మసిలా వచ్చింది. ఆయన కోడలు దండెం మీది తెల్ల పంచె తెచ్చిస్తే తలుపుకు అడ్డంగా కట్టాం, వెలుగు మెత్తబడింది. ఆ రోజు నా ఫ్లాష్ బ్యాగులోంచి బయటికే రాలేదు. దూరంగా నిలబడి మొహాలు తీసే 85 ఎమ్ఎమ్ లెన్స్ కూడా అంతే. అంత చిన్న గదిలో వెనక్కి జరిగితే వీపు గోడకు తగులుతుంది, దగ్గరనుంచే ఎక్కువ చోటు పట్టే 35 లేదా 50 ఎమ్ఎమ్ లెన్స్‌తోనే పని.

గోపాల్‌పూర్‌లో గొడవ వెలుగుది కాదు, గాలిది. పొద్దున్నే సముద్రం మీంచి ఎండ సూటిగా మొహం మీద పడుతుంది, కళ్ళు చికిలించకుండా ఎవరూ నిలబడలేరు. అందుకని ఎండకు వీపు పెట్టించి ముందునుంచి ఫ్లాష్, దాని వెలుగు మెత్తబడేందుకు ఓ స్టూడియో గొడుగు పెట్టాను. రెండో నిమిషంలో గొడుగు, స్టాండు, ఫ్లాష్ మూడూ ఇసకలో పడ్డాయి. ఫ్లాష్ బాగుకే ఆ పని డబ్బులో సగం పోయింది. ఇప్పుడు ఖాళీ బియ్యం సంచి వెంట ఉంటుంది, అక్కడికెళ్ళాక ఇసక నింపి స్టాండుకు కట్టడమే. "ఎండకేసుకునే గొడుగు ఎండకు అడ్డంగా లేదేటి?" అని వలలు బాగుచేసుకుంటున్న ఒకావిడ నవ్వింది. ఆ మాటకు నేను ఫొటో తీస్తున్నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వే నా పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ.

కెమెరా మార్చాలా అని కూడా అడిగారు. ఏ4 పేజీ నిండుగా 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, అచ్చేయడానికి 2480 × 3508 పిక్సెళ్ళు చాలు, తొమ్మిది మెగాపిక్సెళ్ళు కూడా కాదు. రెండు పేజీలకూ పరిచినా పద్దెనిమిదికి లోపే. అంతకన్నా చూసుకోవాల్సింది ఖాళీ. పెళ్ళి అలవాటుకొద్దీ మనం ఫ్రేమంతా మొహంతో నింపేస్తాం. నేనలా పంపిన ఒక ఫొటో మీద హెడ్డింగ్ పెట్టడానికి చోటు లేక నుదుటి మీద అక్షరాలు వేశారు. ఇంకోసారి రెండు పేజీలకు పరిస్తే ముక్కు సరిగ్గా మడతలో పడింది. పైన కొంచెం, ఒక పక్క ఎక్కువ ఖాళీ వదలండి, మనిషిని నట్టనడుమ పెట్టకండి. నిలువు, అడ్డం రెండూ తీయండి.

మీరు అడగలేదు గానీ, హక్కుల సంగతి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళే. నాకిది ఆలస్యంగా తెలిసింది. నేను తీసిన ఫొటో ఏడాది తర్వాత నా పేరు లేకుండా ఇంకెక్కడో కనబడితే అడగడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. కాబట్టి ఫొటో ఎన్నిసార్లు వేసుకోవచ్చు, పేరు వేస్తారా, పని రద్దయితే ఎంతిస్తారు అన్నవి బయల్దేరే ముందే మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో "సరే సరే" అంటారు, అది లెక్కలోకి రాదు.

లైట్లు ఎన్ని అంటే, ఒక్క ఫ్లాష్, ఒక గొడుగు, రెండు జతల బ్యాటరీలు. పంచె ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది.