అమ్మలూకి పెదనాన్న రాసేది

అమలాపురం

అమ్మలూ,

బంగారు నానో కణాల మీద పీహెచ్‌డీకి సీటొచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంటి పిల్ల అక్కడిదాకా వెళ్లిందని సంతోషం, ఆ వెంటే టెన్షన్. ఇన్నేళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, రాయకుండా ఉండలేకపోతున్నాను.

గాగుల్స్ తీయకు. ఎలక్ట్రాన్లిచ్చే బోరోహైడ్రైడ్ పొడిని ఎప్పటికప్పుడు చల్లటి నీళ్లలో కలుపుకో, మూత బిగించకు. హైడ్రోజన్ పోగై సీసా పగులుతుంది. మన సముద్రపు ఒడ్డు బోర్ల సంగతి తెలుసుగా, అలాంటి ఉప్పు నీళ్లు తగిలితే ఎర్రటి బంగారు ద్రావణం నీలంగా మారి కణాలు ముద్దకడతాయి. డిస్టిల్డ్ వాటరే వాడు.

మొదట నైట్రోఫినాల్‌ని అమినోఫినాల్‌గా మార్చే ప్రయోగమే చేయిస్తారనుకుంటా. అందులో బంగారు కణం గోదావరి దాటించే మన సఖినేటిపల్లి పంటు లాంటిది. బోరోహైడ్రైడ్ ఒడ్డున ఎలక్ట్రాన్లను ఎక్కించుకుని నైట్రోఫినాల్ ఒడ్డున దింపుతుంది. దింపకపోతే తర్వాతి ట్రిప్పు లేదు. అణువుల్ని మరీ గట్టిగా పట్టుకునే లోహం అందుకే మంచి ఉత్ప్రేరకం కాదు. ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుందో చూపే గ్రాఫులో 400 నానోమీటర్ల దగ్గర నైట్రోఫినాల్ పసుపు రంగు శిఖరం తగ్గుతూ, 300 దగ్గర అమినోఫినాల్‌ది లేస్తుంది.

ఇక అసలు సంగతి. నాతో పనిచేసిన ఒక కుర్రాడు, బంగారం వేయకుండా, దాన్ని నిలిపే టైటానియా (టైటానియం డయాక్సైడ్) ఒక్కదానితోనే పసుపు పోయిందన్నాడు. ఎలక్ట్రాన్లు టైటానియా నుంచే వస్తున్నాయని రాసేశాడు కూడా. అందరం మెచ్చుకున్నాం. తర్వాత కొత్త ఫ్లాస్కులో చేస్తే రంగు కదల్లేదు. పాత ఫ్లాస్కుని తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే అడుగున పలుచగా గులాబీ పొర. అంతకుముందు అందులో బంగారు ద్రావణం కాచారు. గాజుకి అంటిన బంగారం సబ్బుకి వదలదు, ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కావాలి. (అది ఆవిర్లు బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో, సీనియర్ పక్కనుండగానే.) ద్రావణాన్ని కలిపే అయస్కాంతపు కడ్డీ, అదే స్టిరర్ బారు, గీతలు పడితే అందులోనూ లోహం ఇరుక్కుంటుంది. ఎంత తెలివైనవాడో, ఆ దెబ్బతో రీసెర్చే మానేశాడు.

నా భయమంతా అదే. నువ్వూ తొందరమనిషివే. చిన్నప్పుడు లెక్క సగం చదవగానే జవాబు అరిచేదానివి, ఎన్నిసార్లు కసిరానో. జవాబు మాత్రం కరెక్టే అయ్యేది తల్లీ.

ఎక్స్-కిరణాలతో ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే ఎక్స్‌పీఎస్ దగ్గరా అంతే. 84 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి బంగారం శిఖరం కాస్త కిందికి జరగ్గానే టైటానియా ఎలక్ట్రాన్ ఇచ్చిందని తేల్చేయకు. కణం మరీ చిన్నదైతే ఆ శిఖరం పైకి కూడా జరుగుతుంది. రెండూ కలిసి కనబడతాయి. ముందు సైజు చూసుకో.

బంగారం లేకుండా ఒకటి, బోరోహైడ్రైడ్ లేకుండా ఒకటి, కొత్త ఫ్లాస్కుల్లో చేసి ఆ గ్రాఫులు నాకు వాట్సాప్‌లో పంపు. కొత్త గాజు సామాను కొనడానికి ల్యాబులో డబ్బుల్లేవంటే మొహమాటపడకుండా నన్నడుగు.

ఆశీస్సులతో,
పెదనాన్న